నేరమా? ఋణమా?

ధ్యాన భాగములు: ఆదికాండము 21:14-19, యెహెజ్కేలు 24:15-18, రోమా 13:8

చేసిన పాపము చెప్పుకొన్న పోవునని పెద్దల మాట. అయితే చేయని పాపము సంగతి ఏమి? తన చేతులతో ఎవరికిని కీడు చేయని మనిషి, ఆపద వచ్చిన దినమున తనవారిని కాపాడలేకపోతినని జీవితాంతము క్రుంగిపోవుట లోకములో ఉన్నది. ఎవరును అతనిపై నేరము మోపలేదు. ఏ న్యాయస్థానమును అతనిని పిలువలేదు. తానే వాది, తానే ప్రతివాది, తీర్పరియు తానే. ఆ వ్యాజ్యము నలువది ఏండ్లు నడిచినను తీర్పు రాదు. ఇట్టి మనస్సాక్షితో ఏమని చెప్పవలెను? నీ తప్పేమియు లేదు, మరచిపొమ్మని చెప్పుట చాలునా? లేక ఆ బాధలో ఒక సత్యమున్నదని ఒప్పుకొనవలెనా?

ఈ ప్రశ్నను అతి కఠినముగా ఎదుర్కొనినవారిలో 1945వ సంవత్సరమున జపాను దేశపు హిరోషిమా, నాగసాకి పట్టణములలో ప్రాణముతో మిగిలిన బాలబాలికలు ముఖ్యులు. వారిలో అనేకులకు పండ్రెండు మొదలు పదునారు ఏండ్ల ప్రాయము. పసిపిల్లలు కారు గనుక వారికి అన్నియు జ్ఞాపకమున్నవి. పెద్దవారు కారు గనుక వారి చేతిలో ఏ శక్తియు లేకుండెను. అయినను ఆ దినములలో ఇల్లు నిలిపిన భారము అనేకచోట్ల వారి భుజములపైననే పడెను.

పిల్లలు పట్టణములో ఎందుకుండిరి?

1945 ఆగస్టు 6, సోమవారము. ఉదయము 8 గంటల 15 నిమిషములకు హిరోషిమా పట్టణముపై సుమారు 600 మీటర్ల ఎత్తున అణుబాంబు ప్రేలెను. ఆ సంవత్సరాంతమునకు అచ్చట చనిపోయినవారి సంఖ్య సుమారు 1,40,000. మూడు దినములకు, అనగా ఆగస్టు 9న 11 గంటల 2 నిమిషములకు, నాగసాకిపై రెండవ బాంబు పడెను. అచ్చట సంవత్సరాంతమునకు సుమారు 74,000 మంది మృతులైరి.

విమానదాడుల భయముచేత ప్రాథమిక పాఠశాలల పై తరగతుల పిల్లలను అదివరకే పల్లెలకు తరలించి దేవాలయములలో ఉంచిరి. కాని పండ్రెండేండ్లు దాటినవారిని పంపలేదు. వారు పనికి వచ్చు వయస్సువారని ప్రభుత్వము ఎంచెను. అగ్నిబాంబులు పడినప్పుడు మంటలు ప్రాకకుండుటకై వరుసలుగా ఇండ్లు పడగొట్టించి ఖాళీ దారులు చేయించుచుండిరి. ఆ శిథిలములు మోయుటకు ఆ ఉదయమున ఎనిమిది వేలకు పైగా విద్యార్థులు పట్టణపు వీధులలో నిలిచియుండిరి. వారిపైన నీడ అనునది లేదు. వారిలో సుమారు ఆరు వేలమంది చనిపోయిరి. ఒక దేశము తన పిల్లలను యుద్ధపు కూలీలనుగా చేసెను. మరియొక దేశము ఆ పిల్లలున్న పట్టణముపై బాంబు వేసెను. ఈ రెండును మరువరానివి.

సెట్సుకో నాకమురా అను పదమూడేండ్ల బాలిక ఆ ఉదయమున వీధిలో లేదు. మెథడిస్టు మిషనరీల సేవవలన వృద్ధియైన హిరోషిమా జొగాకుయిన్ బాలికల పాఠశాలలో ఆమె విద్యార్థిని. సైనిక కార్యాలయములో రహస్య సంకేతములను విప్పు పనికి ఆమెను, ఆమెతోటి సుమారు ముప్పదిమంది బాలికలను తీసికొనిరి. విస్ఫోట కేంద్రమునకు ఆ భవనము 1.8 కిలోమీటర్ల దూరము. కొయ్యతో కట్టిన ఆ భవనము క్షణములో కూలెను. చీకటిలో, దూలముల క్రింద, కదలలేక పడియున్న ఆ బాలికకు చుట్టును తన స్నేహితురాండ్ర మూలుగులు వినబడెను. కొందరు తల్లులను, కొందరు దేవుని పిలుచుచుండిరి. అంతలో ఎవరో ఒక పురుషుడు ఆమె భుజము తాకి, విడువక ముందుకు నెట్టుకొనుమనియు, వెలుగు కనబడుచున్న సందువైపు ప్రాకుమనియు చెప్పెను. ఆమె ప్రాకి బయటికి వచ్చెను. ఆమెతోకూడ ఇద్దరు ముగ్గురు మాత్రమే బయటపడిరి. మిగిలినవారు, కదలలేనివారు, వెనుక మంటలలో సజీవముగా కాలిపోయిరి.

ఆమె బ్రదికెను. ఆ క్షణమునుండియే వ్యాజ్యము మొదలయ్యెను.

తడిగుడ్డ

బయటపడిన ఆ బాలికలు కొండ పాదమున ఉన్న కవాతు మైదానమునకు చేరిరి. ఆ విశాలస్థలమంతయు కాలిన మనుష్యులతో నిండియుండెను. అచ్చట కేకలు తక్కువ. బలహీనమైన గొంతులతో అందరును అడిగినది ఒక్కటే: నీళ్లు. దగ్గరలో సెలయేరు ఉన్నది. కాని గిన్నె లేదు, చెంబు లేదు. బాలికలు సెలయేటికి పోయి తమ ఒంటిమీది రక్తమును ధూళియును కడుగుకొనిరి. తమ వస్త్రములు చింపి నీటిలో ముంచి తెచ్చి, కాలిన పెదవులమధ్య ఉంచిరి. ఆ మనుష్యులు ఆ గుడ్డను ఆత్రముగా పీల్చిరి. చీకటిపడువరకు ఆ పిల్లలు చేసిన వైద్యము అదే. తరువాత ఆ కొండ ప్రక్కను కూర్చుండి, రాత్రియంతయు కాలుచున్న తమ పట్టణమును చూచుచుండిరి.

ప్రాణము పోవువారి నోట గుక్కెడు నీళ్లు పోయు దిక్కు ఉండవలెనని మన పల్లెలలో చెప్పుదురు. అంతకంటె చిన్న ఉపకారము లేదు. అంతకంటె గొప్పదియు లేదు. చిన్నవారికి గిన్నెడు చన్నీళ్లు ఇచ్చినవాని ప్రతిఫలము పోదని ప్రభువు సెలవిచ్చెను. ఆ బాలికలకు గిన్నెయు లేకుండెను; తడిగుడ్డ మాత్రమే ఉండెను. సిలువమీద దప్పిగొనినవాని నోటికి అందినదియు తడిసిన స్పంజీయే గదా.

అయితే ఈ నీటి విషయములోనే ఒక భయంకరమైన చిక్కు ఉండెను. కాలినవారికి నీళ్లు ఇచ్చినచో చనిపోవుదురని ఆ కాలమున జనులు గట్టిగా నమ్మిరి. సైనికులును పెద్దలును ఇయ్యవద్దని హెచ్చరించిరి. కాబట్టి ఆ రెండు పట్టణములలో అనేకమంది పిల్లలు తమ తల్లి యెదుట, తమ్ముని యెదుట, నీళ్లు చేతపట్టుకొని ఇయ్యక నిలిచిరి. బ్రదికించవలెనను ప్రేమచేతనే వారు ఇయ్యలేదు. తల్లి దప్పికతోనే చనిపోయెను. ఆ బిడ్డ తన ముసలితనములోను, కుళాయి త్రిప్పినప్పుడెల్ల ఆ పిలుపు వినుచుండెను. వేరొక బిడ్డ జాలిపడి నీళ్లు ఇచ్చెను. త్రాగినవాడు కొద్ది నిమిషములలో ప్రాణము విడిచెను. ఆ బిడ్డయు, నేనే చంపితినని జీవితమంతయు కుమిలెను.

ఇచ్చినవారు కుమిలిరి, ఇయ్యనివారును కుమిలిరి. వాస్తవమేమనగా, వారిని చంపినది నీరు కాదు. కాలిన శరీరమునుండి ద్రవము కారిపోవుటచేతనే ఆ దప్పిక కలుగును. వారిని చంపినది ఆ గాయములే. ఈ సంగతి పెద్దలే ఎరుగనప్పుడు పదమూడేండ్ల పిల్లలు ఎట్లు ఎరుగుదురు? తనకు తెలిసినంతమట్టుకు ప్రేమతో చేసిన పని, ఫలితము చెడినంతమాత్రమున పాపము కాజాలదు. మనుష్యుడు తన హృదయమునుగూర్చియు తన నమ్మకత్వమునుగూర్చియు లెక్క అప్పగించును గాని, తన చేతిలో లేని ఫలితమునుగూర్చి కాదు.

ఇల్లే ఆసుపత్రి

బాంబు పడిన దినముకంటె తరువాతి దినములు పొడవైనవి. హిరోషిమాలో వైద్యులును నర్సులును నూటికి తొంబదిమంది చనిపోయిరి, లేదా గాయపడిరి. పట్టణమందలి 45 ఆసుపత్రులలో 42 పనికిరాకుండ పోయెను. అంతర్జాతీయ రెడ్‌క్రాసు వైద్యుడు మార్సెల్ జునో మందులతో హిరోషిమా చేరుసరికి సెప్టెంబరు 8. అంతవరకు, ఆ తరువాతను, అనేక కుటుంబములకు మిగిలినది ఇంటివారి చేతులే.

ఆ చేతులు తరచుగా పిల్లలవి. వారు కాలిన చర్మమునకు వంటనూనె రాసిరి. దోసకాయ కోసి అద్దిరి. పుండ్లలో పడిన పురుగులను పుల్లలతో ఏరిరి. ఒక వారము, రెండు వారములు గడిచిన తరువాత, ఏ గాయమును లేనివారికి తల వెండ్రుకలు ఊడిపోయెను. చిగుళ్లనుండి రక్తము కారెను. ఒంటిపై ఊదారంగు మచ్చలు తేలెను. అవి తేలినవారు కొన్ని దినములలో చనిపోవుటను జనులు చూచిరి. కాబట్టి ప్రతి ఉదయమున పిల్లలు తల్లి చేతులను, తల్లి పిల్లల వీపులను మచ్చలకొరకు వెదకిచూచుట ఇండ్లలో నిత్యకృత్యమాయెను. సెప్టెంబరు 17న గొప్ప తుపాను వచ్చి ఆ ప్రాంతమున సుమారు రెండు వేలమందిని పొట్టనబెట్టుకొనెను. తరువాత చలికాలము, ఆకలి. హిరోషిమాలో తల్లిదండ్రులను కోల్పోయిన పిల్లలు రెండు వేలనుండి ఆరున్నర వేలవరకు ఉందురని అంచనాలు. వారిలో పెద్దబిడ్డ ఎవరో వారే ఆ ఇంటికి తండ్రి. ప్రభుత్వము బాధితుల వైద్యమునకై చట్టము చేసినది 1957లో. అనగా పండ్రెండేండ్లు. పదమూడేండ్ల బిడ్డకు ఇరువదియైదు వచ్చువరకు ఆ భారము ఇంటిదే.

ఈ పిల్లలను వీరులని పొగడుట సులభము. కాని వారు పొగడ్త అడుగలేదు. వారిలో అనేకులకు తాము చేసిన పనులు జ్ఞాపకము లేవు. చేయలేకపోయిన ఒక్కటి మాత్రము జ్ఞాపకమున్నది.

తల్లి ఆజ్ఞ

ఆ జ్ఞాపకములలో మిక్కిలి బరువైనది ఇది. ఇల్లు కూలి తల్లియో తండ్రియో దూలముల క్రింద చిక్కుకొనియుందురు. బిడ్డ లాగును, దూలము కదలదు. మంటలు సమీపించును. అప్పుడు చిక్కుకొనినవారే, ఇక విడిచి పొమ్మని చెప్పుదురు. బిడ్డ పోవును, లేక పొరుగువారు లాగుకొనిపోవుదురు. హిరోషిమా కథను బొమ్మల పుస్తకముగా లోకమునకు చెప్పిన కెయిజీ నకజావా అప్పుడు ఆరేండ్లవాడు. అతని తండ్రి, అక్క, తమ్ముడు అట్లే కూలిన ఇంటిలో కాలిపోయిరి. విడిపించలేక నిలిచిన తల్లిని పొరుగువాడు అక్కడనుండి బలవంతముగా తీసికొనిపోయెను.

తండ్రిని తల్లిని సన్మానింపుమని ఆజ్ఞ ఉన్నది. మంటలలో తల్లిని విడిచి పరుగెత్తిన బిడ్డ ఆ ఆజ్ఞను మీరినట్లా? లోతుగా చూచిన, ఆ బిడ్డ దానిని గైకొనినట్లే. తల్లి జీవితమంతయు కోరినది బిడ్డ బ్రదుకే. ఆమె చివరిగా ఇచ్చిన ఆజ్ఞ, పొమ్మనుట. ఆ ఆజ్ఞకు లోబడుట ఆమె ప్రక్కన చనిపోవుటకంటె కష్టము. సన్మానము అనునది కొన్నిసార్లు దగ్గర నిలుచుట. ఒక్కొక్కసారి, గుండె చీలినను, వెళ్లిపోవుట.

హాగరు కథలో ఈ వేదన కనబడును. అరణ్యములో తిత్తిలోని నీళ్లు అయిపోయెను. ఆ తల్లి తన కుమారుని పొదక్రింద విడిచి, వాని చావు చూడలేక వింటివేత దూరమున కూర్చుండి ఏడ్చెను. బిడ్డను విడిచినదని లేఖనము ఆమెను నిందింపలేదు. దేవుడు ఆ చిన్నవాని మొర వినెను. ఆమెకు నీళ్ల ఊటను చూపెను. హిరోషిమాలో అనేకులకు ఆ ఊట కనబడలేదు. ఎందుకు కనబడలేదో మనుష్యుడు చెప్పజాలడు. తొందరపడి చెప్పబూనుట దుఃఖించువారిని అవమానించుటయే. కాని ఒకటి చెప్పవచ్చును. దూరమున కూర్చుండి ఏడ్చిన తల్లిని నిందింపని దేవుడు, మంటలనుండి పరుగెత్తిన బిడ్డను నిందించువాడు కాడు.

రాని కన్నీరు

సెట్సుకో తల్లి కూలిన ఇంటినుండి మంటలు రాకముందే రక్షింపబడెను. తండ్రి ఆ ఉదయమున పట్టణములో లేకుండెను. కాని ఆమె అక్కయు, అక్క కుమారుడైన నాలుగేండ్ల బాలుడును వీధిలో ఉండగా గుర్తుపట్టరానంతగా కాలిపోయిరి. కొన్ని దినములు నీళ్లు నీళ్లని అడుగుచు ఇద్దరును చనిపోయిరి. సైనికులు వారి శరీరములను గుంటలో వేసి, పెట్రోలు పోసి, అగ్ని ముట్టించి, వెదురు గడలతో అటునిటు త్రిప్పిరి. తల్లిదండ్రులతోకూడ ఆ బాలిక అచ్చటనే నిలుచుండి చూచెను. ఆమెకు ఒక్క కన్నీటిబొట్టు రాలేదు.

తరువాత ఏండ్లతరబడి ఆమెను వేధించినది ఇదే. అక్క కాలుచుండగా ఏడువని మనిషి ఎట్టి మనిషి? తనలో మనుష్యత్వము చచ్చినదా? అమెరికా మానసిక వైద్యుడు రాబర్ట్ జే లిఫ్టన్ 1962లో హిరోషిమాలో బాధితులతో మాటలాడి, 1968లో ఒక గ్రంథము ప్రకటించెను. భరింపరాని మరణదృశ్యము ఎదుట మనస్సు మొద్దుబారి తన్ను తాను కాపాడుకొనునని ఆయన వివరించెను. ఆ వివరణ ఆమెకు కొంత ఊరట నిచ్చెను. ఏడువలేకపోవుట ప్రేమ లేకపోవుట కాదు. చేయి తెగినవానికి ఆ క్షణమున నొప్పి తెలియకపోవచ్చును. చేయి తనది కాదని దాని అర్థము కాదు.

యెహెజ్కేలు ప్రవక్త జీవితములో అట్టి దినమున్నది. అతని భార్య సాయంకాలమున చనిపోయెను. ఏడువవద్దని, కన్నీరు విడువవద్దని అతనికి ఆజ్ఞ కలిగెను. యెరూషలేము కూలినప్పుడు జనులందరికి కలుగబోవు దుఃఖము అట్లే ఉండుననుటకు అతడు గుర్తుగా నిలిచెను. కన్నీటికి అందని దుఃఖము ఒకటి ఉన్నదని పరిశుద్ధ గ్రంథము ఎరుగును. ఏడువని ఆ బాలికను ఎరుగనివాడు లేడనుకొనరాదు. ఆమె హృదయమును ఎరిగినవాడు ఉన్నాడు.

నేరమును ఋణమును

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రావలెను. ఈ బాధితులతో, నీ తప్పేమియు లేదు, మరచిపొమ్మని స్నేహితులు చెప్పిరి. ఆ మాట నిజమే. కాని వారికి శాంతి కలుగలేదు. ఎందుకనగా వారి బాధలో సగము మాత్రమే పొరపాటు. మిగిలిన సగము సత్యము. ఆ రెంటిని వేరుచేయక అంతయు తుడిచివేయబోయిన, మనస్సాక్షి ఒప్పదు.

పొరపాటైన సగమేది? తాను నేరస్థుడననుకొనుట. నేరమునకు సంకల్పము కావలెను, లేదా చేయగలిగియు చేయని ఉపేక్ష కావలెను. కదలని దూలమును కదల్చలేకపోవుట ఉపేక్ష కాదు.

సత్యమైన సగమేది? చనిపోయినవారికిని తనకును ఒక బంధమున్నది, అది మరణముతో తెగలేదు అనుట. ఇది నేరము కాదు, ఋణము. నేరము శిక్షను కోరును; ఋణము తీర్చుటను కోరును. నేరస్థుడు వెనుకకు చూచును. ఋణస్థుడు ముందుకు చూచును. నేరమని ఎంచుకొనినవాడు తన్ను తాను కొట్టుకొనుచు, చుట్టునున్న బ్రదికినవారికి పనికిరాక పోవును. ఋణమని గ్రహించినవాడు, ఎవరికి చెల్లింపవలెనని అడుగును. చనిపోయినవారికి చెల్లించు దారి లేదు గనుక బ్రదికినవారికి చెల్లించును. దేవుని చిత్తానుసారమైన దుఃఖము ఒకటి, మరణమును కలుగజేయు లోకదుఃఖము వేరొకటి అని పౌలు కొరింథు సంఘమునకు వ్రాసిన భేదము ఇట్టిదే.

ఇచ్చట ఒక ఆక్షేపణ కలదు. నిరపరాధియైన బాలికపై ఋణము మోపుట అన్యాయము కాదా? శరీరమంతయు పాడై మంచమునకు అంటుకొనిపోయినవాడు ఏమి చెల్లించును? న్యాయమైన ప్రశ్నయే. కాని ఆ ఋణము బాధితులది మాత్రమే కాదు. ఒకనినొకడు ప్రేమించుట తప్ప మరేమియు ఎవనికిని అచ్చియుండవద్దని రోమా సంఘమునకు ఉపదేశము కలిగెను. ఆ ఒక్క అప్పు అందరికిని ఉన్నది; ఎన్నటికిని తీరదు. మంటలనుండి బయటపడినవారికి అది స్పష్టముగా కనబడెను; సుఖముగా నిద్రించువారికి కనబడలేదు. భేదమంతే. కాబట్టి ఋణపత్రమును బాధితుల చేతిలోనుండి తీసి, చదువువారందరు తమతమ పేర్లు దానిలో చూచుకొనవలెను.

హిరోషిమాలో మెథడిస్టు కాపరియైన కియోషీ తానిమోతో ఈ సంగతి ఎరిగెను. ఆ దినమున ఊరి చివర ఉండి గాయము లేక మిగిలిన ఆయన, పారిపోవుచున్న జనులకు ఎదురుగా పట్టణములోనికి పరుగెత్తెను. తనకు గాయములు లేనందుకు సిగ్గుపడి, దారిలోని క్షతగాత్రులను క్షమింపుమని వేడుకొనుచు పోయెను. మృతుల ప్రక్కనున్న పడవను, వారిని మన్నింపుమని అడిగి తీసికొని, బ్రదికినవారిని నది దాటించెను. రాత్రి కొందరిని ఇసుకతిన్నెపైకి మోసికొనిపోయి ఉంచెను. తెల్లవారుసరికి పోటు నీరు వారిని ముంచెను. మోసినదంతయు వ్యర్థమాయెనా? ఫలితమునుబట్టి చూచిన అవును. మోయబడినవారి వైపునుండి చూచిన, తమ చివరి రాత్రి తమ్మును ఒక మనిషి ఎత్తుకొనెను.

నిజమైన నేరము ఎవరిది?

నేరమును ఋణమును వేరుచేసిన తరువాత, నేరము అసలే లేదని అనుకొనరాదు. ఉన్నది, అది పిల్లలది కాదు. పండ్రెండేండ్లవారిని యుద్ధపు పనికి నిలిపిన జపాను సైనిక ప్రభుత్వము, 1937లో చైనాలోని నాన్‌కింగు పట్టణమున ఘోరములు చేయించిన ఆ ప్రభుత్వము, నేరములో పాలిది. ఇండ్లు, పాఠశాలలు, ఆసుపత్రులు ఉన్న పట్టణములను లక్ష్యముగా ఎన్నుకొనినవారును పాలివారే. బాంబువలన యుద్ధము త్వరగా ముగిసి అనేకుల ప్రాణములు దక్కెనని వాదించువారున్నారు. ఆ లెక్కను చరిత్రకారులు నేటికిని తర్కించుచున్నారు. లెక్క ఎట్లున్నను, ఒక తల్లి ప్రాణమునకు ఒక సైనికుని ప్రాణమును సరిచూచు త్రాసును పదమూడేండ్ల బిడ్డ చేతికి ఎవరును ఇయ్యలేదు; ఆ త్రాసు క్రింద నలిగినది మాత్రము ఆ బిడ్డయే.

విచిత్రమేమనగా, అపరాధభావము అపరాధులయొద్దకు పోలేదు. ఆజ్ఞ ఇచ్చిన అధ్యక్షుడు ట్రూమన్ తన నిర్ణయమునకు విచారపడుట లేదని పలుమారు చెప్పెను. తడిగుడ్డ ఇచ్చిన బాలిక ఎనుబదియేండ్లు ఆ దినమును మోసెను. లోకములో నేరములు ఒకరివి, మనస్సాక్షి బాధ మరియొకరిది అగుచుండుట పాత కథ. ఒకరి దోషమును మరియొకడు మోయుటయే సువార్తలో నడిబొడ్డున ఉన్నది. కాని ఆయన తెలిసి మోసెను, తనంతట తానే మోసెను. పిల్లలచేత అట్లు మోయించు హక్కు ఎవరికిని లేదు.

చెల్లింపు

సెట్సుకో యుద్ధానంతరము క్రైస్తవ విశ్వాసము స్వీకరించెను. 1954లో అమెరికా దేశమునకు చదువునకై వెళ్లెను. ఆ సంవత్సరముననే మార్చి 1న బికినీ దీవియొద్ద గొప్ప హైడ్రోజను బాంబు పరీక్ష జరిగియుండెను. పత్రికలవారు అడుగగా ఆమె దానిని ఖండించెను. ద్వేషపు ఉత్తరములు వచ్చెను. మౌనముగా ఉండుటయా, మాటలాడుటయా అని ఆలోచించి, మాటలాడుటనే ఎన్నుకొనెను. వివాహానంతరము సెట్సుకో థర్లో అను పేరున కెనడాలో సంఘసేవకురాలిగా పనిచేయుచు, పాఠశాలలలో, సభలలో ఆ దినమునుగూర్చి చెప్పుచు వచ్చెను. తన పాఠశాలకు చెందిన 351 మంది మృతుల పేర్లు వ్రాసిన వస్త్రమును సభలలో చూపెను. 2017 జూలైలో అణ్వాయుధ నిషేధ ఒడంబడికకు ఐక్యరాజ్యసమితిలో 122 దేశములు సమ్మతి తెలిపెను. 2021 జనవరి 22న అది అమలులోనికి వచ్చెను. 2017 డిసెంబరులో ఓస్లో నగరమున, ఆ ఒడంబడికకై పాటుపడిన సంస్థ పక్షమున నోబెల్ శాంతి బహుమానము స్వీకరించినవారిలో ఆమె ఒకతె. శిథిలములలో విన్న ఆ మాటనే, వెలుగువైపు ప్రాకుమను మాటనే, ఆమె లోకమునకు తిరిగి చెప్పెను. తనకు అందినదానిని ఇతరులకు అందించుట, ఇదియే ఋణము తీర్చు విధము.

అణ్వాయుధముల మాట మన దేశమునకు దూరపు మాట కాదు. 1974లోను, 1998 మే నెలలోను మన దేశము పరీక్షలు జరిపెను. అదే 1998 మే నెలలో పాకిస్తాను జరిపెను. రెండు దేశములును ఆ ఒడంబడికలో చేరలేదు. రక్షణకు ఏది అవసరమో పాలకులును పౌరులును తర్కింపవచ్చును. తర్కించునప్పుడు మాత్రము, చేతిలో గిన్నె కూడ లేని ఒక బాలిక ఆ గదిలో నిలిచియున్నట్టు తలంచి తర్కింపవలెను.

ఆ మనస్సాక్షి వ్యాజ్యమును మనవారికి దూరమైనది కాదు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో బ్రదికి, తనవారిని కోల్పోయినవారిలో అది నడిచెను. 2021 వేసవిలో కరోనా వ్యాధి విజృంభించినప్పుడు, ఆక్సిజను సిలిండరు కొరకు రాత్రియంతయు తిరిగి, దొరకక, తండ్రిని పోగొట్టుకొనిన కుమారులు ఎందరో ఉన్నారు. ఇంకొక ఆసుపత్రికి పోయియుంటే, ఇంకొకరిని అడిగియుంటే అని వారు నేటికిని లెక్కలు వేసికొనుచుందురు. సంఘములో అట్టివారి ప్రక్కను కూర్చుండువారు తొందరపడి వేదవాక్యము అప్పజెప్పకుందురు గాక. మొదట వినవలెను. తరువాత, అది నేరము కాదని నెమ్మదిగా చెప్పవలెను. చివరకు, ఆ ప్రేమను చెల్లింపదగిన మనుష్యులు ఇంకను ఉన్నారని చూపవలెను.

బాధితులు వృద్ధులైరి. 2025 మార్చి నాటికి జపాను ప్రభుత్వము గుర్తించినవారు లక్షకు లోపే మిగిలిరి. వారి సగటు వయస్సు 86. నాగసాకి శాంతివనమున, నీళ్లు అడుగుచు చనిపోయినవారి జ్ఞాపకార్థము 1969లో ఒక జలధారను కట్టిరి. ప్రతి సంవత్సరము ఆగస్టు 6న హిరోషిమాలోను, 9న నాగసాకిలోను, సంస్మరణ కూటములలో మృతులకు నీళ్లు సమర్పించుదురు. ఆ నీళ్లు త్రాగువారు ఇప్పుడు లేరు. ఆ సంగతి తెచ్చువారికి తెలియును. అయినను తెత్తురు. దప్పిగొనినవారు వేరొకచోట, వేరొక పేరుతో, నేటికిని అడుగుచున్నారు. తడిగుడ్డ మాత్రమే ఉన్నదని వెనుదీయనివాడు ఆ ఋణములో తన వంతు చెల్లించుచున్నాడు.